వాణిజ్య పత్రికలు - ప్రజాజీవితం

కాప్రాలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక వృద్ధ కార్మికుడు ఉన్నారు. ముప్పై ఏళ్లు లేతుమిషను మీద పనిచేసి రిటైరయినవారు. కొన్నేళ్ల క్రిందట ఒక సాయంత్రం చేతిలో కవరుతో మా ఇంటికి వచ్చారు. "సారూ, కాలేజీల పాఠాలు చెప్తరు గద, జర గిది చదివి చెప్పుండ్రి" అన్నారు. ప్రావిడెంటు ఫండు డబ్బులో కొంత పెట్టి ఆయన ఒక కంపెనీ వాటాలు కొన్నారు. ఆ కంపెనీ వాటాదారులకు పంపిన ఇంగ్లీషు లేఖ అది. రెండుసార్లు చదివాను. ప్రతి మాటకూ అర్థం తెలుసు. మొత్తానికి అర్థం తెలియలేదు. తెలుగులో ఎం.ఏ. చదివి, పదేళ్లుగా కళాశాలలో పాఠాలు చెబుతూ, పెట్టుబడిదారీ వ్యవస్థను గురించి సభలలో ఉపన్యసించే నేను, ఆ పెట్టుబడి స్వయంగా రాసి పంపిన ఒక్క కాగితాన్ని చదివి చెప్పలేకపోయాను.

మా కళాశాల గ్రంథాలయానికి ప్రతిరోజూ ఒక ఇంగ్లీషు వాణిజ్య దినపత్రిక వస్తుంది. గులాబీ రంగు కాగితం మీద అచ్చవుతుంది. కామర్సు శాఖవారు చదువుతారు. తెలుగు శాఖలో మేమెవ్వరమూ దానిని ముట్టుకోము. అది మన శత్రువర్గపు పత్రిక అనే భావం కొంత, లెక్కలంటే భయం కొంత. మొదటిదానిని సిద్ధాంతంగా చెప్పుకొని రెండవదానిని దాచుకొంటున్నామేమో అన్న అనుమానం ఆ సాయంత్రం నాకు కలిగింది. ఆ అనుమానమే ఈ వ్యాసానికి మూలం.

వాణిజ్య పత్రిక పుట్టుక

వాణిజ్య పత్రికకు పూర్వరూపం రేవుపట్టణాలలో ఓడల రాకపోకలూ, సరుకుల ధరలూ అచ్చువేసి అమ్మిన చిన్న కాగితం. వర్తకునికి దానిలో కావలసినది ఉపదేశం కాదు, నిజం. తప్పు ధర నమ్మితే మునిగేది అతడే. అందుచేత వ్యాపారవర్గం తనలో తాను మాట్లాడుకొనేటప్పుడు, ప్రజలతో మాట్లాడేటప్పటికన్న ఎక్కువ నిజం చెప్పవలసి వస్తుంది. లండనులో మార్క్స్ 'ఎకానమిస్ట్' పత్రికను శ్రద్ధగా చదివినది ఇందుకే. 1916లో సామ్రాజ్యవాదాన్ని గురించి గ్రంథం రాస్తూ లెనిన్ జర్మను బ్యాంకింగు పత్రిక 'డీ బాంక్' నుంచి పుంఖానుపుంఖంగా ఆధారాలు తీసుకొన్నదీ ఇందుకే. శత్రువు లెక్కల పుస్తకాన్ని వారు అంటరానిదిగా చూడలేదు.

అయితే ఈ నిజానికి ఒక హద్దు ఉన్నది. 'ఎకానమిస్ట్'ను 1843లో జేమ్స్ విల్సన్ స్థాపించాడు. బ్రిటనులో ధాన్యపు దిగుమతి సుంకాల చట్టాలను రద్దు చేయించటం దాని మొదటి లక్ష్యం. ఆ విల్సన్ 1859లో వైస్రాయి మండలిలో ఆర్థిక సభ్యునిగా మన దేశానికి వచ్చాడు. 1857 తిరుగుబాటును అణచటానికి అయిన ఖర్చుతో ఖజానా లోటులో ఉన్నది. 1860లో ఈ దేశంలో మొట్టమొదటి ఆదాయపు పన్ను ప్రవేశపెట్టినవాడు అతడే. ఆ సంవత్సరమే కలకత్తాలో చనిపోయాడు. వాణిజ్య సంపాదకుడికీ పాలకుడికీ మధ్య దూరం ఎంత తక్కువో మన దేశ చరిత్రలో ఆనాడే తేలింది.

తరువాతి చరిత్ర ఈ బాటలోనే సాగింది. 1888లో లండనులో 'ఫైనాన్షియల్ టైమ్స్', 1889లో న్యూయార్కులో 'వాల్ స్ట్రీట్ జర్నల్' వెలువడినవి. మన దేశంలో 1888లో కలకత్తాలో 'కేపిటల్', 1910లో బొంబాయిలో 'కామర్స్' పుట్టినవి. మొదటిది తెల్ల వర్తకుల పక్షం. స్వదేశీ పెట్టుబడి బలపడిన తరువాత, 1943లో బిర్లాలు 'ఈస్టర్న్ ఎకానమిస్ట్' ప్రారంభించారు. 1961లో టైమ్స్ సంస్థ నుంచి 'ఎకనమిక్ టైమ్స్', ఎక్స్‌ప్రెస్ సంస్థ నుంచి 'ఫైనాన్షియల్ ఎక్స్‌ప్రెస్' దినపత్రికలుగా వచ్చినవి. రెండవ పంచవర్ష ప్రణాళిక ముగిసిన సంవత్సరమది. లైసెన్సులు, దిగుమతి కోటాలు, కొత్త కంపెనీల వాటాలు - వీటి వార్తలు రోజురోజూ కావలసిన పాఠకవర్గాన్ని ప్రణాళికాయుగమే తయారుచేసింది. ప్రణాళికను తిడుతూ, ప్రణాళిక సృష్టించిన మార్కెట్టు మీద బ్రతికిన పత్రికలవి. 1975లో కలకత్తా నుంచి 'బిజినెస్ స్టాండర్డ్', 1994లో 'హిందూ' సంస్థ నుంచి 'బిజినెస్ లైన్' వీటికి తోడయినవి.

మరొక మార్గం లేకపోలేదు. 1949లో బొంబాయిలో సచిన్ చౌధురి 'ఎకనమిక్ వీక్లీ'ని నడపటం మొదలుపెట్టాడు. 1966లో అది 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'గా మారింది. ధరల వెనుక ఉన్న కూలిని, భూమిని, కులాన్ని కూడా అది లెక్కలోకి తీసుకొన్నది. కాని అది కూడా ఇంగ్లీషులోనే.

తెలుగు నేలమీద

మన పత్రికారంగంలో వ్యాపారానికీ పత్రికకూ ఉన్న సంబంధం విచిత్రమైనది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆ లాభంతో 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక'ను స్థాపించి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రికగా నడిపారు. అక్కడ వ్యాపారం పత్రికకు ఊడిగం చేసింది. మచిలీపట్నంలో 'కృష్ణాపత్రిక' 1902లో పుట్టింది. ఆ ఊరిలోనే పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1919లో 'జన్మభూమి' అనే ఇంగ్లీషు వారపత్రిక నడిపినవారూ ఆయనే. రైతు అప్పు, సహకార సంఘం, స్వదేశీ బ్యాంకు - ఇవి ఆనాటి జాతీయవాదులకు వేరే పుటలో వేయవలసిన వ్యాపార వార్తలు కావు, రాజకీయమే. నెల్లూరులో 1930లో వెలువడిన వారపత్రిక తన పేరునే 'జమీన్‌రైతు' అని పెట్టుకొన్నది.

సికింద్రాబాదులో డబ్బు వార్త ఇంకా నిత్యజీవితపు సంగతి. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా చెల్లేది. దండు ఉన్న సికింద్రాబాదులో కల్దారు చెల్లేది. దాదాపు 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు. హుసేన్‌సాగర్ కట్ట దాటితే డబ్బు విలువ మారేది. 1941 చట్టం క్రింద హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఏర్పడింది. 1943లో హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి ప్రారంభమయింది. 2007లో సెబీ దాని గుర్తింపును ఉపసంహరించింది.

ఇక్కడ సురవరం ప్రతాపరెడ్డిగారిని తలచుకోక తప్పదు. 1926లో 'గోలకొండ పత్రిక'ను నడపటం మొదలుపెట్టిన ఆయనే 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రకటించారు. కావ్యాలలో అలంకారాలు మాత్రమే వెదికే పండితలోకానికి, ఆ కావ్యాలలోనే వర్తకం, నాణెం, తిండి, బట్ట, పన్ను కూడా ఉన్నవని ఆయన చూపించారు. పత్రికాసంపాదకుడు కాబట్టి ఆయనకు ఆ దృష్టి వచ్చిందని నేననుకొంటాను. ఆ పుస్తకాన్ని మేము పాఠ్యగ్రంథంగా చెప్పుకొంటాము; ఆ దృష్టిని ఈనాటి బజారు మీద ప్రసరింపజేయటం మాత్రం మరచిపోయాము.

స్వాతంత్ర్యం తరువాత తెలుగు దినపత్రికలు పెరిగినవి; కాని వ్యాపార సమాచారం ఒక పుటకు పరిమితమయింది. 2007లో 'ఎకనమిక్ టైమ్స్' గుజరాతీలో వచ్చింది. 2008లో హిందీలో వచ్చింది. అదే సంవత్సరం 'బిజినెస్ స్టాండర్డ్' హిందీలో వచ్చింది. తెలుగు పాఠకునికి దక్కినది మాత్రం సాధారణ దినపత్రికలోని ఆ వాణిజ్య పుట. ఎక్కువ రోజులు అది కంపెనీలు పంపిన ప్రకటనల అనువాదం. అధ్యక్షుని ఫోటో, రాబోయే ఏడాది అమ్మకాల అంచనా, ఎన్ని ఉద్యోగాలు ఇస్తారో ఆ సంఖ్య - ఇంతటితో వార్త పూర్తి.

సికింద్రాబాదు అనుభవం

1991 తరువాత వాటాల కొనుగోలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. మా ప్రాంతాన్నే చూడండి. 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఏర్పడిన తరువాత కాప్రా, కుషాయిగూడ, మౌలాలి ప్రాంతాలలో నెలజీతపు కుటుంబాలు స్థిరపడినవి. పొదుపు చేయగలిగినవారు, కాని ఆ పొదుపు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేనివారు.

1994లో రమేష్ గెల్లి నాయకత్వంలో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు సికింద్రాబాదు కేంద్రంగా ప్రారంభమయింది. కొత్త తరం ప్రైవేటు బ్యాంకులకు అది ఆదర్శమని వాణిజ్య ప్రపంచం కీర్తించింది. 2001 జనవరిలో యు.టి.ఐ. బ్యాంకుతో విలీనం ప్రకటించారు. అంతకు ముందే వాటా ధర ఎగబ్రాకటం మీద సెబీ విచారణ మొదలయింది, విలీనం ఆగింది. కేతన్ పరేఖ్ అనే షేరు వ్యాపారికి ఈ బ్యాంకు పెద్దయెత్తున అప్పులిచ్చిందని బయటపడింది. 2004 జూలై 24న ప్రభుత్వం మారటోరియం విధించింది. డిపాజిటుదారు 10,000 రూపాయలకు మించి తీసుకోరాదన్నది. ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్సులో కలిపేశారు. డిపాజిట్లు దక్కినవి. వాటాదారులకు ఏమీ దక్కలేదు. ప్రైవేటు బ్యాంకు లాభాలు వచ్చినంతకాలం ప్రైవేటువి. నష్టం వచ్చినప్పుడు దానిని మోయటానికి ఒక ప్రభుత్వ బ్యాంకు కావలసివచ్చింది. బ్యాంకుల జాతీయీకరణ మీద ఏళ్ల తరబడి సంపాదకీయాలు రాసిన వాణిజ్య పత్రికలు, ఈ చిన్న లెక్కను ఎంత ప్రముఖంగా వేయవలసి ఉండెనో పాఠకులే నిర్ణయించవచ్చు.

రెండవది సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ తన యజమాని కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నది. వాటాదారులు గగ్గోలు పెట్టటంతో గంటలలో విరమించుకొన్నది. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు లేఖ రాసి, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకొన్నాడు. ఆ చివరి త్రైమాసికంలో చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు. అసలు లాభం 61 కోట్లు. సుమారు 53,000 మంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్క పూటలో ప్రశ్నార్థకమయింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా తేల్చింది.

ఇక్కడ మనం అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. మూడు నెలలకొకసారి ఆ లెక్కలను అచ్చువేసిన వాణిజ్య పత్రికలు ఏమి చూశాయి? యజమాని కుటుంబపు వాటా 2001లో సుమారు 25 శాతం. 2008 నాటికి 10 శాతం లోపు. అయిదువేల కోట్ల నగదు మూలుగుతున్నదని చెప్పే కంపెనీలో యజమానులే వాటాలు ఎందుకు వదులుకొంటున్నారు? ఈ అంకెలు రహస్యం కావు. వాటాలెంతో అందరికీ తెలుసు. ప్రశ్న అడగటానికే ఎవరికీ తీరిక లేదు. 2008 సెప్టెంబరులో, సత్యంకు కార్పొరేటు పాలనలో ఉత్తమ ప్రమాణాలకు 'గోల్డెన్ పీకాక్' బహుమతి ప్రకటించారు.

ఇది వాటాదారుల గొడవ, మనకెందుకు అనే మిత్రులున్నారు. వారికి మెట్రో కథ జవాబు. 2008లో హైదరాబాదు మెట్రో రైలు నిర్మాణం ఇదే మేటాస్ నాయకత్వంలోని కూటమికి దక్కింది. మిగతావారు ప్రభుత్వం నుంచి డబ్బు అడిగితే, వీరు తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురిస్తామన్నారు. ఢిల్లీ మెట్రో నిర్మాత ఇ. శ్రీధరన్ ఆ సెప్టెంబరులోనే ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, దీని వెనుక భూముల వ్యాపారం ఉన్నదని హెచ్చరించారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదనే ఆగ్రహించింది. 2009 జూలైలో ఆ ఒప్పందం రద్దయింది; 2010లో పని లార్సెన్ అండ్ టూబ్రోకు పోయింది. ఒక కంపెనీ లెక్కల పుస్తకంలోని అబద్ధం ఒక నగరపు రైలుబాటను ఆలస్యం చేసింది. మెట్రో ఇప్పటికీ చేరని మా ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో బస్సు కోసం నిలబడేవారికి బాలన్సుషీటు పరాయి సంగతి కాదు.

రెండు పత్రికలు, ఒకే అప్పు

అన్నిటికన్న గుణపాఠం నేర్పేది సూక్ష్మరుణాల చరిత్ర. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు రెండు సూక్ష్మరుణ సంస్థల శాఖలు సుమారు యాభై మూయించారు. అధిక వడ్డీలు, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యలు - ఆరోపణలు ఇవి. తెలుగు దినపత్రికల జిల్లా పుటలలో ఈ వార్తలు వచ్చినవి. హెచ్చరిక అంత స్పష్టంగా ఉన్నది.

నాలుగేళ్లు గడిచినవి. 2010 జూలై ఆఖరులో హైదరాబాదుకు చెందిన ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ వాటాలను ప్రజలకు అమ్మకానికి పెట్టింది. వాటా ధర 985 రూపాయలు. అమ్మకానికి పెట్టిన వాటాలకు పదమూడు రెట్లు దరఖాస్తులు వచ్చినవి. పేదరికాన్ని తొలగిస్తూనే లాభం గడించవచ్చునన్న వాదానికి ఇది విజయపతాక అయింది. ఆ నెలల్లోనే తెలుగు జిల్లా పుటలలో, వారం వారం కిస్తీ కట్టలేక, గుంపు పూచీ పేరుతో తోటి ఆడవాళ్లే ఇంటి ముందు కూర్చుంటే, అవమానం భరించలేక చనిపోయిన స్త్రీల వార్తలు వస్తూ ఉన్నవి. అక్టోబరు మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఆగిపోయినవి. 2012 నాటికి ఆ వాటా ధర వంద రూపాయల లోపుకు దిగింది.

ఒకే అప్పు. ఇంగ్లీషు వాణిజ్య పత్రికలో అది ఆస్తి. తెలుగు జిల్లా పుటలో అది చావు. వాటా కొన్నవారు రెండవదానిని చదవలేదు. అప్పు తీసుకొన్నవారు మొదటిదానిని చదవలేదు. చదివి ఉంటే ఇద్దరికీ మేలు జరిగేది. న్యాయం కోసం ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆర్డినెన్సు తరువాత పల్లెలలో అప్పు పుట్టటం కూడా ఆగిపోతుందని, పేదలు మళ్లీ వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కుతారని వాణిజ్య పత్రికలు హెచ్చరించినవి. ఆ మాటలో నిజమున్నది. మనం వేధింపును ఖండించాము. బ్యాంకు అప్పు ఎక్కడినుంచి రావాలో అంత గట్టిగా అడగలేదు.

ఎవరి సొమ్ము?

పత్రిక ఎందుకు చూడదు అనే ప్రశ్నకు విలేఖరుల వ్యక్తిగత లోపాలు జవాబు కావు. ఆర్థిక పునాదిని చూడాలి. వాణిజ్య పత్రిక ఆదాయంలో పెద్ద భాగం ప్రకటనలు. ప్రకటనలిచ్చేది తాను పరీక్షించవలసిన కంపెనీలే. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో టైమ్స్ సంస్థ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ప్రకటనలకు డబ్బు బదులు కంపెనీల వాటాలే పుచ్చుకొనే 'ప్రైవేటు ఒడంబడికలు' మొదలుపెట్టింది. 2009లో సెబీ ఇందులోని ప్రమాదాన్ని ప్రెస్ కౌన్సిల్ దృష్టికి తెచ్చింది. 2010 ఆగస్టులో, అటువంటి వాటాలు ఉంటే వార్తతోపాటు వెల్లడించాలని ప్రకటించింది.

ఆ రోజులలోనే చెల్లింపు వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేసింది. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా. మరొకరు 'విశాలాంధ్ర' సంపాదకులుగా పనిచేసిన కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వారు ఇచ్చిన నివేదిక పేర్లతో సహా నిజం చెప్పింది. కౌన్సిల్ పేర్లు లేని సంక్షిప్త పాఠాన్ని మాత్రమే ప్రకటించింది. సమాచార కమిషను జోక్యంతో 2011లో పూర్తి నివేదిక వెలుగు చూసింది. పత్రికలు తమ సంగతి తాము అచ్చువేసుకోవటానికి ఎంత జంకుతాయో దీనిని బట్టి తెలుస్తుంది.

అయినా వాణిజ్య పత్రిక పెట్టుబడికి వట్టి బాకా అని తీర్మానించటం చరిత్రకు విరుద్ధం. జర్మనీలో వైర్‌కార్డ్ అనే కంపెనీ లెక్కలను లండను 'ఫైనాన్షియల్ టైమ్స్' 2015 నుంచి ప్రశ్నించింది. 2019లో జర్మను నియంత్రణ సంస్థ కంపెనీని వదిలి, రాసిన విలేఖరుల మీదనే క్రిమినల్ ఫిర్యాదు చేసింది. 2020 జూన్‌లో 190 కోట్ల యూరోల నగదు లేదని తేలి కంపెనీ కూలింది. మోసం మన సత్యం మోసం వంటిదే. భేదమల్లా, అక్కడ ఒక పత్రిక అడిగింది. ఇక్కడ దొంగ తానే చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. మన దేశంలో కూడా 1992 ఏప్రిల్‌లో హర్షద్ మెహతా కుంభకోణాన్ని 'టైమ్స్ ఆఫ్ ఇండియా'లో సుచేతా దలాల్ బయటపెట్టారు. అడిగే విలేఖరి, నిలబడే సంపాదకుడు, చదివే పాఠకుడు - ఈ ముగ్గురూ ఉన్నచోట లెక్కల పుస్తకం ప్రజల ఆయుధమవుతుంది.

మన కర్తవ్యం

మూడవవాడు మనం. అభ్యుదయ సాహిత్యం కరువును, కూలిని, వెట్టిని రాసింది. అది మన గర్వం. కాని గత ముప్పై ఏళ్లలో దోపిడి రూపం మార్చుకొన్నది. అది దొర గడీ నుంచి ప్రాస్పెక్టసులోకి వచ్చింది. ప్రాస్పెక్టసు చదవలేని విమర్శకుడు ఈనాటి దొరను గుర్తుపట్టలేడు.

అందుచేత కొన్ని చిన్న పనులు సూచిస్తున్నాను. అధ్యాపక సంఘాలు, విద్యార్థి సంఘాలు తమ పఠనమందిరాలలో వాణిజ్య పత్రికను వారానికొకసారి కలిసి చదవాలి. తెలుగు, కామర్సు శాఖలు కూర్చుని బాలన్సుషీటు భాషకు వాడుకమాటలు స్థిరపరచాలి. తాకట్టు, పూచీ, బాకీ, జమ, ఖర్చు - మన బజారులో ఈ మాటలన్నీ ఉన్నవి. అనువాదకుని సంస్కృతమే వాటిని తరిమివేసింది. మన పత్రికలు ఆర్థిక వ్యాసం అంటే సిద్ధాంత వ్యాసమే అనుకోవటం మాని, ఒక కంపెనీని, ఒక బ్యాంకును, ఒక చిట్‌ఫండును తీసుకొని దాని లెక్కలు తెలుగులో విప్పి చెప్పాలి.

ఆ వృద్ధ కార్మికుని లేఖను కామర్సు మిత్రుని సహాయంతో చివరకు చదివాను. కంపెనీ తన మూలధనాన్ని తగ్గించుకొంటున్నది. ఆయన వాటాల విలువ ఇంచుమించు పోయినట్లే. అభ్యంతరం చెప్పుకోవలసిన గడువు అప్పటికి నాలుగు రోజుల క్రిందటే దాటిపోయింది. కవరు ఆయన నా చేతికిచ్చిన రోజున ఇంకా తొమ్మిది రోజులు ఉండినవి. ఆ తొమ్మిది రోజులూ ఆ కాగితం నా బల్ల మీదనే ఉన్నది.